పిలుపుపెట్టె

సముద్రంలో ఈదేవాళ్ళని అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. సొర ఎదురైతే ఏం చేస్తావు? నేను చెప్పే జవాబూ ఒకటే. సొరలకి మనకోసం కాచుక్కూర్చోవడం తప్ప వేరే పని లేదా? ఇన్నేళ్ళ ఈతలో నాకు ఎదురైంది ఒక్కటే సొర. అది నన్ను తేరిపార చూసి, ఇది తినే సరుకు కాదనుకుని పక్కకి తప్పుకుంది. నన్ను ఏడిపించినవి వేరే. మొదట జెల్లీ చేపలు, తర్వాత ఒక డాల్ఫిన్. జెల్లీ చేప పెట్టిన మంట రెండు రోజుల్లో చల్లారిపోతుంది.

నా పేరు బంగారి. భీమిలి దాటాక కొండ కింద ఉన్న ముత్తేలపేట మాది. జాలర్ల ఊరు. మా ఊళ్ళో ఈత రాని మగవాడు లేడు గాని, ఊరికే ఈత కోసం ఈదే మనిషీ లేడు. పనీపాటా లేకుండా నీళ్ళలోకి దిగేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి చిన్నప్పుడు నన్ను పిచ్చిదంటే పిచ్చిదనేవారు. తర్వాత పతకాలు వచ్చాయి, రైల్వేలో ఉద్యోగం వచ్చింది. దాంతో ఆ పిచ్చి కాస్తా పట్టుదల అయింది.

కొండ మీద సముద్ర ధ్వనుల పరిశోధనశాల ఒకటి పెట్టారు. అక్కడి శాస్త్రవేత్త డాక్టర్ సువర్చల ఒకరోజు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తన పరీక్షల కోసం బయట సముద్రంలో గంటలకొద్దీ ఈదగల మనిషి కావాలంది. నేను ఆలోచించి చెబుతానన్నాను. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, అది వస్తుందని నా తరఫున మాట ఇచ్చేసింది. అమ్మ ఎందుకలా ఇచ్చిందో చెప్పాలంటే ముందు అమ్మ పేరు సంగతి చెప్పాలి.

రేషన్ కార్డులో అమ్మ పేరు నరసమ్మ. ఆ పేరుతో పిలిస్తే పలకదు, ఎవరినో అనుకుంటుంది. మా పేటలో కొడుకు పుట్టాక ఆడదానికి సొంత పేరుతో పని ఉండదు. ఇద్దరు మగపిల్లలు పురిట్లోనే పోయాక పుట్టిన నా తమ్ముడికి, దిష్టి తగలకుండా, పరదేశి అని పేరు పెట్టారు. ఆ రోజునుంచి అమ్మ పరదేశి తల్లి. వీధి చివరనుంచి తొందరగా పిలవాల్సి వస్తే ఆ 'తల్లి' కూడా మింగేసి "ఓ పరదేశీ" అని కేకేసేవారు. వాడు గుమ్మంలోనే ఉన్నా పలికేవాడు కాదు, లోపలినుంచి అమ్మే "ఆఁ" అనేది. నేను వాడికంటే నాలుగేళ్ళు ముందు పుట్టాను. బంగారి తల్లి అని ఒక్కరూ అనలేదు. ఆ సంగతి నేనేమీ మరిచిపోలేదు.

పరదేశి ఒక శ్రావణంలో వేటకి వెళ్ళాడు. పడవ తిరిగొచ్చింది, వల వచ్చింది, వాడొక్కడే రాలేదు. అలకి పడవ ఒరిగినప్పుడు జారిపోయాడని, గొంతు చాలాసేపు వినిపించిందని, ఎటునుంచో మాత్రం తెలియలేదని తోటివాళ్ళు తల వంచుకుని చెప్పారు. శవం దొరకలేదు.

మా పేటకి ఒక కట్టు ఉంది. నీళ్ళలో పోయినవాడి పేరు నీళ్ళకి ఎదురుగా నిలబడి పలకకూడదు. పలికితే వాడు పోవలసిన చోటికి పోలేక, పిలుపుకి తిరిగి రాలేక, మధ్యలో ఉండిపోతాడట. మా పేటలో ఏ గుమ్మంలో నిలబడినా ఎదురుగా ఉండేది సముద్రమే. అంచేత పరదేశి పేరు ఊరి నోట్లోంచి పోయింది. దాంతోపాటు అమ్మ పేరూ పోయింది. పిలవడానికి ఇంకేమీ మిగలక అందరూ "ఓలమ్మా" అనడం మొదలుపెట్టారు. చేపలమ్మే దాన్నీ ఓలమ్మా అంటారు, దారిన పోయేదాన్నీ ఓలమ్మా అంటారు.

ఇంటికొచ్చిన ఆ రోజే సువర్చల మా పెరట్లో నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడి నన్ను ఒక చెవి నీళ్ళలో ముంచమంది. అటువైపునుంచి గరిటెతో డ్రమ్ము మీద చిన్నగా తట్టింది. నా బుర్రలోనే గంట కొట్టినట్టయింది. నీళ్ళలో చప్పుడు ఎంత బాగా నడుస్తుందో చూశావా, మనిషి కేక గాలిలో కొట్టుకుపోతుంది గాని నీళ్ళలో వేసిన డాల్ఫిన్ ఈల మైళ్ళ దూరం పోతుంది అని చెప్పింది. ఒక్కో డాల్ఫిన్‌కి ఒక్కో సొంత ఈల ఉంటుందట. అదే దాని పేరు. ఆ ఈల మనం వినిపిస్తే ఆ డాల్ఫిన్ తిరిగి పలుకుతుంది. ఆవిడ చేసిన పెట్టె అరచేతిలో ఇమిడేంత ఉంది. దాన్ని మొలకి కట్టుకుంటారు. మనిషి నీళ్ళలో పడి పెట్టె తడిస్తే, అది ఒక డాల్ఫిన్‌ని పేరు పెట్టి పిలుస్తుంది. డాల్ఫిన్ వచ్చి మనిషి చుట్టూ తిరుగుతూ పలుకుతుంది. నీళ్ళలో చప్పుడు పట్టే యంత్రాలు కొన్ని, 'చెవులు' అంటుంది ఆవిడ, పడవల అడుగున కడతారు, వాటికి ఆ పలుకు అందుతుంది.

అమ్మ అంతా విని ఒక్క మాటే అడిగింది.

"ఎటునుంచి పలికినాదో తెలుస్తాదా?"

తెలుస్తుందని సువర్చల చెప్పింది. అమ్మ ఇంక నా ఉద్యోగం, సెలవులు, నా ఇష్టం ఏదీ అడగలేదు.

పరీక్షలకి జోగులు పడవ మాట్లాడుకున్నారు. జోగులు మా పక్కింటివాడు, పరదేశి ఈడువాడు, నన్ను అక్క అనడానికి మా యాసలో అప్ప అంటాడు. నోరు మూతపడని మనిషి. ఒడ్డు సన్నటి గీతలా కనిపించేంత దూరం తీసుకెళ్ళి నన్ను నీళ్ళలో దించి, "అప్పా, సేప పిలిస్తే ఎల్లిపోకు, జీతం మేడమ్ ఇత్తాది గానీ సేప ఇవ్వదు" అని పడవ వెనక్కి లాక్కునేవాడు.

మొదట్లో చాలా ఈలలు ప్రయత్నించాం. ఒక్కో డాల్ఫిన్ ఒకటి రెండుసార్లు వచ్చింది. తమాషా చూసి వెళ్ళిపోయింది, మళ్ళీ పిలిస్తే పలకలేదు. ఊరికే పేరు పెట్టి పిలిచేవాడి మాట ఎవరు వింటారు? నాకు నవ్వొచ్చేది, సువర్చలకి ఏడుపొచ్చేది. అప్పుడు ఆవిడకి ఒక కొత్త ఈల దొరికింది. మా తీరానికి దగ్గర్లో ఒక డాల్ఫిన్ మందకి దూరంగా ఒంటరిగా తిరుగుతూ పొద్దస్తమానం ఒకే ఈల వేస్తోంది. కిందినుంచి లేచి, పైన కాస్త ఆగి, చివర రెండుసార్లు విరిగే ఈల. ఒంటరిగా ఉన్న డాల్ఫిన్ పదేపదే వేసేది తన పేరే అని శాస్త్రం. ఆ ఈలని పెట్టెలో పెట్టాం.

ఆ రోజు నీళ్ళు తేటగా ఉన్నాయి. పెట్టె పిలవడం మొదలుపెట్టిన కాసేపటికి నా కిందనుంచి ఏదో నల్లగా పోయింది. సొర అనుకుని కాళ్ళు ముడుచుకున్నాను. అది తిరిగి వచ్చి నాకు మూరెడు దూరంలో ఆగింది. వీపు మీది రెక్కకి ఒక గాటు, కంటి కింద చారలు. అంత పెద్ద ప్రాణి, తోకతో ఒక్క దెబ్బ వేస్తే నేను లేను. అయినా నాకు భయం వేయలేదు. పెరట్లోకి కొత్త మనిషి వస్తే ఇంటావిడ చూసినట్టు చూసింది. తర్వాత నా మొల దగ్గరికి ముక్కు తెచ్చి పెట్టె చూసింది, నా కిందకి దిగి వెతికింది, చుట్టూ తిరిగింది, మళ్ళీ కిందకి దిగింది. అంతసేపూ పలుకుతూనే ఉంది. నేను ఈత మరిచిపోయి అలాగే తేలుతూ ఉండిపోయాను. అప్పుడు అది నా నడుం కింద ముక్కు ఆనించి నన్ను మెల్లగా పైకి ఎత్తింది.

పడవలో సువర్చల ఆనందంతో గంతులేసింది. జోగులు ఆవిడ నీళ్ళలో పడకుండా కొంగు పట్టుకున్నాడు.

అది పిలిచిన ప్రతిసారీ వచ్చింది. పొద్దున పిలిచినా వచ్చింది, ఎండలో పిలిచినా వచ్చింది, ముసురులో పిలిచినా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ పెట్టె చూసి, నా కింద వెతికి, నన్ను పైకి ఎత్తేది. మునిగేవాళ్ళని ఎత్తడం దానికి పుట్టుకతో వచ్చిన గుణమని పరిశోధనశాలలో రాసుకున్నారు. దానికి 'నమ్మకం' అని పేరు కూడా పెట్టారు. నేను దాన్ని పెద్దమ్మీ అని పిలిచేదాన్ని. నాకు అక్కచెల్లెళ్ళు లేరు. సముద్రం మధ్యలో, నాకోసం అంత దూరంనుంచి వచ్చే ప్రాణి ఒకటుందని గర్వం కూడా వచ్చింది. ఆఫీసులో ఫైళ్ళ మధ్య కూర్చున్నా ఒంటి మీద దాని ముక్కు ఆనినట్టే ఉండేది.

ఆ కార్తీకంలో జోగులు నీళ్ళలో పడ్డాడు. ఇంజను దగ్గర ఏదో సవరిస్తూ వెనకనుంచి జారాడు. ముందున్నవాళ్ళకి ఇంజను మోతలో తెలియనే లేదు. వాడి మొలకి పెట్టె ఉంది. పెద్దమ్మి వచ్చి వాడి చుట్టూ తిరుగుతూ పలికింది, వాడు అలిసి మునిగినప్పుడల్లా ముక్కుతో లేపింది. మరో పడవ అడుగునున్న చెవి ఆ పలుకు అందుకుంది. వాణ్ణి పైకి లాగితే మొదట అన్న మాట, "నాకు సంబంధం కుదిరినట్టే ఉంది, మా అమ్మకి సెప్పండి" అని.

జోగులు తల్లి ఆ రోజు ఒడ్డున వాణ్ణి కొట్టి, కౌగిలించుకుని, మళ్ళీ కొట్టింది. అమ్మ దూరంగా నిలబడి చూసింది. మర్నాటినుంచి అమ్మ ఇల్లిల్లూ తిరిగింది. పెట్టె కట్టుకోకుండా పడవెక్కితే ఊరుకోనని పిల్లలకీ పెద్దలకీ చెప్పింది. పేటలో ఎవరికీ ఎదురుచెప్పే ధైర్యం లేదు. కొడుకుని నీళ్ళకిచ్చిన మనిషి మాటకి మా పేటలో ఎదురు లేదు. వారం తిరక్కుండా ప్రతి మొలకీ పరిశోధనశాల ఇచ్చిన పెట్టె ఒకటి.

పెట్టె తడిస్తే చాలు పిలుస్తుంది. వల లాగేవాడు నడుంలోతు దిగితే పిలుస్తుంది. అల ఒకటి పడవలోకి చిమ్మితే పిలుస్తుంది. కుర్రకారు సరదాకి ముంచితే పిలుస్తుంది. మేం అదంతా పట్టించుకోలేదు. సువర్చల, తర్వాతి పెట్టెల్లో సరిచేద్దాం అంది. పెద్దమ్మి మాత్రం ఒక పడవనుంచి ఇంకో పడవకి, ఆ పడవనుంచి ఇంకో పడవకి పోతూనే ఉంది.

మాఘం వచ్చేసరికి దాని తల వెనక గుంట పడింది. బాగా తిన్న డాల్ఫిన్‌కి అక్కడ నిండుగా ఉంటుంది. చేపల గుంపు పక్కనుంచి పోతున్నా అది తిరిగి చూడడం లేదని నేను గమనించాను. నన్ను ఎత్తడంలోనూ తేడా వచ్చింది. ఇదివరకు ఒకసారి ఎత్తి వదిలేసేది. ఇప్పుడు వదలడం లేదు. నేను పక్కకి జరిగితే వెంటనే కిందకొచ్చి మళ్ళీ ఎత్తుతోంది. నేను బాగానే ఉన్నానని దానికి ఎలా చెప్పను? సువర్చలతో చెబితే ఆవిడ ముఖం మారింది. పాత రికార్డులు వింటానంది.

కొన్నాళ్ళకి నన్ను కొండ మీదికి రమ్మంది. మధ్యాహ్నం, గదిలో ఎవరూ లేరు. నాకు చెవులకి తగిలించుకునేవి ఇచ్చి ఒక ఈల వినిపించింది. మన ఈలే, కాని సన్నగా, తడబడుతూ ఉంది. ఇది కిందటేడాది చలికాలంలో సముద్రంలో ఉంచిన చెవికి దొరికిందని చెప్పింది. దాని వెంటే ఇంకో ఈల వినిపించింది. ఇది వేరు. లావుగా, సాఫీగా, వంపు తిరిగి దిగే ఈల. సన్నటిది పలకగానే లావుది పలుకుతోంది. అలా ఎంతోసేపు, ఒకదాని వెంట ఒకటి.

"సన్నటిది పిల్ల. లావుది తల్లి," అంది సువర్చల. "ఒకరోజు సన్నటి ఈల ఆగిపోయింది బంగారీ. పిల్ల పోయింది. ఏ వలో, ఏ జబ్బో తెలీదు. ఆ మర్నాటినుంచి తల్లి తన ఈల వేయడం మానేసింది. పిల్ల ఈలే వేస్తోంది. మనం విన్నది అదే."

ఆవిడే మళ్ళీ చెప్పింది. ఒంటరిగా ఉన్నప్పుడు పలికేది తన పేరే అని అందరిలాగే తనూ అనుకుందట. అంతకు ముందు ఏముందో వెనక్కి వెళ్ళి వినలేదట. చెబుతూ చెబుతూ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

ఆవిడ సంగతి సరే, నాకేమైంది? "ఓ పరదేశీ" అని పిలిస్తే అమ్మ పలికే ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. పేరు ఒకరిదైతే పలికేది ఒకరని నాకు చెప్పాలా? ఆ పెట్టె నా మొలకి కట్టుకుని, చచ్చిపోయిన బిడ్డ గొంతుతో ఆ తల్లిని పిలిచాను. అది ఆశగా వచ్చి నా కింద బిడ్డ కోసం వెతికింది. దొరక్క, పోనీ ఈ పిలిచేదాన్నయినా మునగకుండా కాపాడుకుందామని నన్ను ఎత్తింది. అది చూసి మేం చప్పట్లు కొట్టాం.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ చేప తోముతోంది. ఆపలేదు. తోమడం అయ్యాక చేతులు కడుక్కుని వచ్చి అడిగింది.

"వచ్చినప్పుడల్లా యెతుకుతాదా?"

"వెతుకుతుంది."

"దొరక్కపోతే?"

"కాసేపు తిరిగి పోతుంది. మళ్ళీ పిలిస్తే మళ్ళీ వస్తుంది."

అమ్మ గడప మీద కూర్చుంది. సముద్రానికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి మాట్లాడింది.

"నీకు సెప్పనేదు. ఆడు పోయినాక ఆడి నంబరుకి రోజూ ఫోను సేసేదాన్ని. అటు మోగేది కాదు, ఏదో ఆడమనిసి ఇంగిలీసులో సెప్పేది, పెట్టేసేదాన్ని. ఏడాది పోయినాక ఒకరోజు మోగింది. మోగి ఎవుడో ఎత్తినాడు. హలో అన్నాడు. మగగొంతు."

అమ్మ గోడవైపు చూస్తూనే చెప్పింది.

"ఆ నంబరు ఇంకోడికి ఇచ్చినారంట. ఆడు మంచోడే, ఎవులమ్మా అన్నాడు. నాకు మాట రానేదు. ఆ ఒక్క హలోకి నా పానం పోయి వచ్చినాది, బంగారీ. ఒక్కసారికే. దాన్ని మీరు రోజూ సంపుతున్నారు."

"పెట్టెలు ఆపేస్తే, రేపు ఎవరైనా పడిపోతే ఏం చేస్తామమ్మా?"

ఆ పెట్టెని ఊళ్ళో అందరికంటే ఎక్కువ నమ్మింది అమ్మే. ఎటునుంచి పలికిందో తెలిసి ఉంటే తన కొడుకు బతికేవాడని ఆ మనిషికి తెలుసు. చివరికి తనని ఒకసారి దాని దగ్గరికి తీసుకెళ్ళమంది.

మర్నాడు జోగులు పడవలో సువర్చల, అమ్మ, నేను వెళ్ళాం. అమ్మ సముద్రం మీదికి రావడం అదే మొదలు. మా పేట ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు గాని పడవెక్కరు. జోగులికి కూడా సంగతి తెలిసిపోయింది, వాడి నోరు కూడా మూతపడింది. సువర్చల నా పెట్టెలో ఈల మార్చింది. పిల్ల ఈల తీసేసి, తల్లి తన సొంత ఈల పెట్టింది. పిల్ల పోయినప్పటినుంచి ఆ పేరుతో దాన్ని పిలిచినవాళ్ళు లేరు.

నీళ్ళలోకి దిగాను. పెట్టె పిలిచింది. వస్తుందన్న నమ్మకం నాకు లేదు. చాలాసేపటికి వచ్చింది. ఈసారి పరుగున రాలేదు, మెల్లగా వచ్చింది. మూరెడు దూరంలో ఆగింది. పెట్టె వైపు చూడలేదు, నా కింద వెతకలేదు, నన్ను ఎత్తలేదు. నా ముఖంలోకి చూస్తూ అలా నిలబడిపోయింది. తల వెనక గుంట ఇంకా లోతుకి పోయింది. పెట్టె ఇంకోసారి దాని పేరు పలికింది. అప్పుడది నోరు విప్పి పలికింది. కిందినుంచి లేచి, పైన కాస్త ఆగి, చివర రెండుసార్లు విరిగే ఈల.

తన పేరు పెట్టి పిలిస్తే బిడ్డ పేరే పలికింది. ఎక్కడున్నాడో మీకేమైనా తెలుసా అని అడిగినట్టుగా ఉంది. నేను చేత్తో పెట్టె నొక్కి ఆపేశాను. ముసుగు అద్దాల లోపల కన్నీళ్ళు నిండి నాకేమీ కనిపించలేదు. తుడుచుకుని చూసేసరికి అది లేదు.

పడవలోకి లాగాక అమ్మ నన్ను తువ్వాలుతో తుడిచింది. అదేమందని సువర్చలని అడిగింది. ఆవిడ చెప్పింది. అమ్మ తలాడించి, పోదాం పదండి అంది. జోగులు ఇంజను లాగబోయి ఆగాడు. మొలనుంచి పెట్టె విప్పి అమ్మ ఒళ్ళో పెట్టాడు.

"ముందు నాదే తీసుకో, పెద్దమ్మా. నన్ను బతికించినాదది. దాన్నేడిపించుకుని నాను బతకడమేటి?"

"నీకేటైనా అయితే మీ అమ్మకి నానేటి సెప్పాల్రా?"

"ఏటీ అవదు. నాకు ఈతొచ్చు కాదేటి."

అమ్మ మళ్ళీ ఇల్లిల్లూ తిరిగింది. తన చేత్తో కట్టించిన పెట్టెలు ఆ చేత్తోనే విప్పించింది. కొందరు ఇచ్చారు. కొందరు తిట్టి ఇచ్చారు. ఒక చేప కోసం మనుషుల్ని చంపుతావా అన్నారు. ఆ మాట విని అమ్మ పక్క గుమ్మంలోకి నడిచింది. సువర్చల తప్పంతా రాసి పైవాళ్ళకి ఇచ్చింది. వాళ్ళు ఆవిణ్ణి ఆ పనినుంచి తప్పించారు. అయినా ఆవిడ సొంత గదిలో కూర్చుని, డాల్ఫిన్‌తో పని లేకుండా దానంతటదే గట్టిగా అరిచే పెట్టె చేస్తోంది. మైలు దూరం పోవడమే గగనంగా ఉంది, వచ్చే ఏటికి అవుతుందేమో అంది. అమ్మ ఆ రోజునుంచి పొద్దు వాలేవేళకి ఒడ్డుకి పోయి, పడవలన్నీ వచ్చేదాకా నిలబడడం మొదలుపెట్టింది. ఎవరూ నిలబడమనలేదు. ఎవరూ వద్దనలేదు.

నేను పెట్టె లేకుండా ఈదాను. రెండుసార్లు గాటు రెక్క దూరంగా కనిపించింది. దగ్గరికి రాలేదు. పిలవకపోతే ఎందుకు వస్తుంది? వైశాఖం తర్వాత కనిపించడం మానేసింది. తిన్నదో లేదో, మందలో కలిసిందో లేదో తెలియదు. కలిసిందని అనుకుంటే నాకు నిద్ర పడుతుంది, అందుకని అలా అనుకుంటాను.

శ్రావణంలో జోగులు పోయాడు.

పడవ వచ్చింది, వల వచ్చింది. గొంతు చాలాసేపు వినిపించిందని, ఎటునుంచో తెలియలేదని తోటివాళ్ళు తల వంచుకుని చెప్పారు. అమ్మ ఒడ్డున నిలబడి ఆ మాటలు రెండోసారి వింది. పేట పడవలన్నీ వెతికాయి. నేను ఈదుకుంటూ వెళ్ళి రాళ్ళ మధ్య వెతికాను. మొలకి పెట్టె లేదు, పిలవడానికి ఎవరూ లేరు. చేతులు పడిపోయేదాకా వెతికి తిరిగొచ్చాను.

వెతుకులాట ఆపేసిన సాయంత్రం, జోగులు తల్లి ఇసకలో బోర్లించిన పడవకి ఆనుకుని కూర్చుంది. సముద్రానికి వీపు పెట్టుకుంది. చుట్టూ ఆడవాళ్ళు చేరారు. వాడి పేరు అప్పటికే ఊరి నోట్లోంచి పోయింది. ఒకావిడ గ్లాసుతో గంజి తెచ్చి, భుజం తట్టి, "ఓలమ్మా, లెగు. ఇంత తాగు" అంది. జోగులు తల్లి కదల్లేదు. ఆ మాట తనని కానట్టే ఉండిపోయింది.

అమ్మ గుంపు దాటుకుని వెళ్ళింది. జోగులు తల్లి అమ్మ జుట్టు పట్టుకుంటుందేమో, ముఖాన ఉమ్ముతుందేమో అనుకున్నాను. పెట్టె విప్పించింది మా అమ్మే, ఊరందరికీ తెలుసు. అమ్మ ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కొట్టమంది. ఆవిడ కొట్టలేదు. అమ్మ వైపు చూడనూ లేదు. ఎక్కడో కొండ వైపు చూస్తోంది.

అమ్మ లేచింది. సముద్రానికి ఎదురుగా తిరిగి నిలబడింది. ఆ గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఓ జోగులు తల్లీ!"

ఒడ్డంతా బిగుసుకుపోయింది. ఎవరో అమ్మ నోరు ముయ్యబోయారు. అమ్మ వాళ్ళ చెయ్యి తోసేసి, వీధి చివరనుంచి పక్కింటిదాన్ని పిలిచినట్టు, మళ్ళీ పిలిచింది.

"ఓ జోగులూ..."

జోగులు తల్లి తల తిప్పింది. సముద్రం వైపు తిరిగింది.

"ఆఁ," అంది.

అమ్మ చెయ్యి చాపింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని లేచింది.